మా మాట మమ్మల్నే పూర్తి చెయ్యనివ్వండి

"టెన్షన్ పడకు, మెల్లగా చెప్పు." నత్తి ఉన్నవాళ్లు ఈ మాట వినని రోజుండదు. చెప్పేవాళ్లది మంచి మనసే, కాదనను. కానీ అది చెవిన పడగానే, ఎదుటివాళ్లు నేను చెప్పేది వదిలేసి నా నోటినే చూస్తున్నారని అర్థమైపోతుంది. గొంతు ఇంకా బిగుసుకుంటుంది.

నత్తి భయం వల్ల పుట్టదు. టెన్షన్‌లో ఎక్కువవుతుంది, అంతే. మెదడు మాటను నడిపించే తీరులోనే తేడా ఉంటుంది, జన్యువుల పాత్ర కూడా ఉంది. సాధారణంగా రెండు నుంచి ఐదేళ్ల మధ్య మొదలవుతుంది. చాలామంది పిల్లల్లో తగ్గిపోతుంది, పెద్దవాళ్లలో సుమారు 100 మందిలో ఒకరికి ఉండిపోతుంది. పాట పాడితే, నలుగురితో కలిసి చదివితే దాదాపు రాదు. దాన్ని పట్టుకుని "పాడేటప్పుడు లేదుగా, కావాలనే చేస్తున్నావా?" అని అడిగేవాళ్లున్నారు. ఆ మాట నిజంగా గుచ్చుకుంటుంది.

బయటికి కనిపించే తడబాటు కొంతే. ఏ మాట దగ్గర ఆగిపోతామో మాకు ముందే తెలిసిపోతుంది. వాక్యం నడుస్తుండగానే దానికి బదులు ఇంకో మాట వెతుక్కుంటాం. "బుధవారం" నోటికి రాక "గురువారం వస్తాను" అనేసి, పనులన్నీ ఆ రోజుకు మార్చుకున్నాను. పేరుకు మాత్రం బదులు మాట ఉండదు. నా పేరు "ప"తో మొదలవుతుంది. పెదాలు మూసుకుంటాయి, తెరుచుకోవు. ఫోన్‌లో అవతలివాళ్లు "హలో, హలో" అని పెట్టేస్తారు. ఎదురుగా ఉన్నవాళ్లయితే "పేరు మర్చిపోయావా?" అని నవ్వుతారు.

పిల్లల దగ్గర మాట సరిదిద్దాలనే తొందర మరీ ప్రమాదం. 1939లో అమెరికాలోని అయోవా యూనివర్సిటీ పరిశోధకులు మామూలుగా మాట్లాడే కొందరు అనాథ పిల్లలకు "నీకు నత్తి వస్తోంది, సరిచేసుకో" అని పదే పదే చెప్పారు. ఆ పిల్లలకు నత్తి రాలేదు గానీ, వాళ్లలో చాలామంది నోరు విప్పడానికే వెనకాడారు. యూనివర్సిటీ 2001లో క్షమాపణ చెప్పింది. ఇళ్లలో, తరగతుల్లో ఆ పనే ప్రేమగా చేస్తున్నాం. పిల్లాడు ఒక అక్షరం దగ్గర ఆగితే చాలు, చుట్టూ ఉన్న పెద్దలందరూ ఆ మాట అందించేస్తారు. స్పీచ్ థెరపిస్టు దగ్గరికి తీసుకెళ్లండి, మంచిదే. ఇంట్లో మాత్రం వాడు చెప్పేది వినండి.

ఇంటర్వ్యూలు చేసేవాళ్లకు ఒక మాట. మాకు సులువైన ప్రశ్నలు వద్దు, జాలి వద్దు. ఇంకాస్త సమయం ఇవ్వండి. మేం ఆగినప్పుడు వాచీ చూడకండి, మా వాక్యం మీరు ముగించకండి. మీరు ఊహించి చెప్పే మాట చాలాసార్లు మేం చెప్పాలనుకున్నది కానే కాదు. అది కాదని చెప్పడానికి మేం మళ్లీ మొదటినుంచి రావాలి.