చచ్చిన బ్లాక్‌లిస్టే గట్టిది

స్పామ్ బ్లాక్‌లిస్టుల్ని, అంటే స్పామ్ పంపే ఐపీల (ఇంటర్నెట్ అడ్రసుల) చిట్టాల్ని, ఎంతవరకు నమ్మాలని మెయిల్ సర్వర్ అడ్మిన్లు ఇంకా తలలు పట్టుకుంటున్నారు. ఇందులో చర్చకేముంది? స్పామ్‌ని నూటికి నూరు శాతం ఆపే లిస్టు ఒకటే, మూతపడిన లిస్టు.

ఓఆర్‌డీబీ అనే లిస్టునే తీసుకోండి. 2006 డిసెంబర్‌లో చెప్పి మరీ దుకాణం కట్టేసింది. కానీ సర్వర్ కాన్ఫిగ్ ఫైల్లో దాని పేరున్న లైను తీసే తీరిక ఎవరికుంది? 2008 మార్చి నుంచి, ఎవరు ఏ ఐపీ గురించి అడిగినా ‘ఆఁ, లిస్టులో ఉంది’ అనడం మొదలుపెట్టింది. అంతే, ఆ లైను నమ్ముకున్న సర్వర్లలోకి ఒక్క స్పామ్ వస్తే ఒట్టు. కస్టమర్ల ఆర్డర్లూ రాలేదనుకోండి, అది వేరే సంగతి.

పద్ధతి చాలా సింపుల్. మెయిల్ పంపిన ఐపీలోని నాలుగు సంఖ్యల వరస తిరగేసి, చివర లిస్టు డొమైన్ పేరు తగిలించి, పేరు చెబితే అడ్రస్ చెప్పే డీఎన్ఎస్‌ని అడగాలి. 127.0.0.2 లాంటిదేదో వస్తే దొంగ, ఏమీ రాకపోతే దొర. ఏదో ఒకటొస్తే చాలు దొంగే అనుకునే సర్వర్లకూ కొదవలేదు. 2021 జనవరి ఆఖర్లో స్పామ్‌కాప్ అనే లిస్టు డొమైన్ గడువు తీరిపోయి, ఖాళీ డొమైన్లకు పెట్టే పార్కింగ్ పేజీ పాలైంది, అడిగిన ప్రతివాడికీ ఆ పేజీ అడ్రసే చేతిలో పెట్టింది. అది 127తో మొదలవుతుందా లేదా అని చూసేంత చాదస్తం మనవాళ్లకెక్కడిది, లోకాన్నంతా గేటు బయటే నిలబెట్టారు! స్పామ్‌హాస్ అనే ఇంకో లిస్టయితే ‘పబ్లిక్ రిజాల్వర్ (అందరూ వాడే డీఎన్ఎస్ సర్వర్) నుంచి అడక్కండి బాబూ’ అని చెప్పడానికే 127.255.255.254 అనే జవాబు పెట్టుకుంది. ఆ మందలింపుని కూడా దొంగతనం కిందే రాసుకున్న మహానుభావులున్నారు.

యూసీఈప్రొటెక్ట్ లెవల్ 3 అనే లిస్టుది ఇంకా విశాల హృదయం. మీ హోస్టింగ్ కంపెనీలో ఎవరెవరో స్పామ్ పంపితే నెట్‌వర్క్ మొత్తాన్నీ లిస్టులోకి లాగుతుంది, మీరు జన్మలో ఒక్క మెయిలూ పంపకపోయినా సరే. ఆగలేనివాళ్లకు డబ్బు కట్టి బయటపడే దారి కూడా ఉంది, తిరుమలలో 300 రూపాయల దర్శనం క్యూలాగా.

127.0.0.1 ఏ లిస్టులోనూ ఉండకూడదని 2010లోనే ఈ లిస్టుల పద్ధతి రాసిన ఆర్‌ఎఫ్‌సీ 5782 పత్రం చెప్పింది కదా, రోజూ ఆ ఐపీ గురించి అడిగి చూసి, జవాబొస్తే అందరినీ దొంగలంటోందని గ్రహించి ఆ లిస్టుని పీకెయ్యొచ్చు కదా అంటారు కొందరు. ఒక్క లిస్టు మాట మీదే తలుపు వేసెయ్యకుండా పోస్ట్‌ఫిక్స్ మెయిల్ సర్వర్ గుమ్మం దగ్గర కాపలా కాసే పోస్ట్‌స్క్రీన్‌లో ఒక్కోదానికీ మార్కులు వేసి కూడమంటారు. అంత ఓపికే ఉంటే మన అడ్మిన్ ఎప్పటిదో ట్యుటోరియల్లోంచి పది లిస్టులు ఒకేసారి కాపీ కొట్టి, సర్వర్ రీస్టార్ట్ చేసి, లంచ్‌కి ఎందుకు వెళ్తాడండీ?