సవరణ: తొలి తెలుగు నాటక ప్రదర్శన సురభిది కాదు

ఊరి నాటక సమాజాల గురించిన గత పోస్టులో, 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ఆడిన 'కీచక వధ'తోనే తెలుగు నాటక ప్రదర్శన మొదలైందని ఉంది. అది సరికాదు. అంతకు ముందే, 1880లో, రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం తన విద్యార్థులతో 'వ్యవహార ధర్మబోధిని' ఆడించారు. ప్లీడర్ల తీరును ఎండగట్టిన నాటకం అది.

అంతమాత్రాన ఆ ఊరి పేరుతోనే వెలిసిన సురభి నాటక సమాజం గొప్పతనం తగ్గదు. తోలుబొమ్మలాటే బతుకుగా ఉన్న కుటుంబాలు, వనారస గోవిందరావు చొరవతో, బొమ్మల బదులు తామే రంగస్థలం ఎక్కాయి. అదే వాళ్ల వృత్తి అయింది, పిల్లలు స్టేజీ మీదే పెరిగారు. ఊళ్లలో ఉద్యోగాలు చేసుకుంటూ సాయంత్రాలు రిహార్సల్స్ వేసుకున్న సమాజాలది వేరే కథ. రెండింటినీ ఒకే గాటన కట్టకూడదు.

ఆడ వేషాలన్నీ మగవాళ్లే వేసేవారని అదే పోస్టులో ఉన్న వాక్యాన్నీ సరిచేయాలి. తెనాలిలోని రామవిలాస సభ అనే నాటక సమాజంలో నటుడు స్థానం నరసింహారావు సత్యభామగా మెప్పించిన మాట నిజమే. సురభిలో మాత్రం ఆడ పాత్రలు ఆడవాళ్లే వేశారు. నాటకాల్లో ఆడవాళ్లు కనిపించడమే తప్పుగా చూసిన రోజుల్లో అది చాలా పెద్ద తెగువ. మన రంగస్థల చరిత్రలో ఆ నటీమణులకు దక్కాల్సిన చోటు ఇంకా దక్కలేదని నా అభిప్రాయం.