లావాల్ గారి ఉత్తర్వుకు ఒక విన్నపం

మహారాజశ్రీ 1934 మార్చి 11 నాటి ఫ్రెంచి ఉత్తర్వు గారికి, రెనే వోతియే సినిమాలు చూసి చెడిపోయిన ఒక ప్రేక్షకుడు నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి.

తమరు చెప్పింది చిన్న మాటే. ఫ్రెంచి ఏలుబడిలోని ఆఫ్రికా వలసల్లో గవర్నరు రాసిస్తే తప్ప ఎవరూ సినిమా తీయకూడదు. కింద సంతకం వలసల మంత్రి పియేర్ లావాల్‌ది. ఆ తర్వాత ఆయన నాజీల పంచన చేరాడు. 1945లో దేశద్రోహి అని కాల్చి చంపారు. ఏనుగు చచ్చినా వెయ్యే అంటారు కదా, దొర పోయినా సంతకానికి విలువ తగ్గలేదు.

ఆ నాజీల మీదే పోరాడి 16 ఏళ్లకు పతకం తెచ్చుకున్న, ఫ్రాన్సులోని బ్రిటనీ ప్రాంతపు కుర్రాడు వోతియే. 1949లో ఒక విద్యా సంఘం వాళ్లు అతన్ని పశ్చిమాఫ్రికా పంపారు, అక్కడి పల్లెల్లో ఫ్రెంచి చదువుల వైభవం సినిమా తీసుకొస్తే ఫ్రాన్సు బడిపిల్లలకు చూపిద్దామని. వెళ్లినవాడు కళ్లు మూసుకుని తీయొచ్చు కదా! ఆనకట్ట తలుపుల్ని చేతుల్తో లాగుతున్న కూలీలను తీశాడు. యంత్రం కంటే మనిషి చవక మరి. పన్ను బాకీ పడ్డ పలాకా ఊళ్లో సైన్యం చేసిన నిర్వాకమూ చూపించాడు.

తమరికి కోపం వచ్చింది. తీసిన 50 రీళ్లలో జప్తు పోగా అతనికి దక్కినవి 17. వాటితోనే 'ఆఫ్రిక్ 50' తయారైంది, పట్టుమని ఇరవై నిమిషాలు లేదు. దానికి 13 అభియోగాలు, ఏడాది జైలు, నలభై ఏళ్లకు పైగా నిషేధం! ద్రోహి సంతకంతో పతకంవాడు లోపలికెళ్లాడు. ఇంత చక్కటి కథ రాయమంటే మా సినిమా రచయితలకు కూడా చేతకాదు.

బయటికొచ్చి బుద్ధి తెచ్చుకున్నాడా? అల్జీరియా వెళ్లి అక్కడి కుర్రాళ్లకు కెమెరా పట్టడం నేర్పాడు. 1973లో, పారిస్ పోలీసులు 1961లో అల్జీరియన్లను చంపిన మారణకాండ మీద వేరేవాళ్లు తీసిన సినిమాకు అనుమతి ఇవ్వాలని 31 రోజులు అన్నం మానేశాడు. తన సినిమా కూడా కాదండీ! మీ సెన్సారు తమ్ముడు దిగొచ్చాడు.

చివరికి 1990ల్లో సర్కారువారే పిలిచి 'ఆఫ్రిక్ 50' కాపీ చేతికిచ్చారు. ఆ రోజుల్లోనే వలసపాలనను తప్పుపట్టిన ఫ్రెంచివాళ్లు ఉన్నారని ఇప్పుడు చూపించుకోవచ్చట. పరువుకు పనికొస్తుందని తెలిశాక సినిమా మంచిదైపోయింది.

కావున మనవి ఏమనగా, మిగతా 33 రీళ్లు ఏ బీరువా అడుగునైనా ఉంటే దుమ్ము దులిపి పంపగలరు. పోస్టు ఖర్చు నేనే పెట్టుకుంటాను.

ఇట్లు,
అనుమతి తీసుకోకుండా రాసినవాడు