పాఠ్యపుస్తకాల టెండరులోనే మెషీన్‌మ్యాన్ శిక్షణకు చోటు కల్పించాలి

విజయవాడలోని ఒక ఆఫ్‌సెట్ ప్రెస్సులో హెల్పరుగా పనిచేస్తున్న కుర్రవాడు కాగితాల దొంతరను ఫీడరులో పెట్టే ముందు రెండు చేతులా పట్టుకొని, అంచులు విసనకర్రలా విచ్చుకునేటట్టు విదిలించి, మళ్లీ నాలుగు మూలలూ సరిచేసి పెడుతుంటే చూశాను. ఎందుకలా విదిలిస్తున్నావని అడిగితే, "మా అన్న అట్లాగే పెట్టమన్నాడండీ" అన్నాడు. అన్న అంటే అతడికి పని నేర్పుతున్న మెషీన్‌మ్యాన్, అంటే ముద్రణ యంత్రాన్ని నడిపే మనిషి. కాగితాల మధ్యకు గాలి చేరకపోతే రెండు మూడు షీట్లు అతుక్కొని ఒకేసారి లోపలికి పోతాయనీ, ఆ మందానికి, సిలిండరు మీద ఉండి ఇంకును కాగితానికి అందించే రబ్బరు బ్లాంకెట్ నొక్కుకుపోయి పాడవుతుందనీ అతడికి ఎవరూ చెప్పలేదు. నాలుగేళ్లుగా అక్కడే ఉన్నాడు. పని చేతికి పట్టుబడింది కానీ ఆ పని ఎందుకన్నది అతడి దాకా రాలేదు. మన ప్రెస్సుల్లో చాలా చోట్ల పని నేర్పడమంటే ఇదే, దీన్ని శిక్షణ అని పిలవడానికి నేను ఒప్పుకోను.

ఆఫ్‌సెట్ ముద్రణకు మూలం నూనె, నీరు కలవవన్న సూత్రం. ప్లేటు మీద అక్షరమో బొమ్మో ఉన్న చోటు ఇంకును పట్టుకుంటుంది, ఖాళీ చోటు నీటిని పట్టుకొని ఇంకును దగ్గరకు రానివ్వదు. ఆ నీటి పీహెచ్, అంటే ఆమ్లగుణాన్ని తెలిపే కొలత, సాధారణంగా 4.5కూ 5.5కూ మధ్య ఉండాలి. అది అదుపు తప్పితే కాగితం తెల్లగా ఉండాల్సిన చోట సన్నని మరక తేలుతుంది. కారణం తెలియని మనిషి వెంటనే నీళ్లు పెంచుతాడు. నీళ్లు పెరిగేసరికి రంగు వెలిసిపోతుంది కనుక ఇంకు పెంచుతాడు. ఆ ఇంకు త్వరగా ఆరక పైన పడ్డ షీటు వీపుకు అంటుకుంటుంది. ఈలోగా వందల షీట్లు వేస్టేజీలో కలుస్తాయి. పీహెచ్ కాగితపు ముక్క ఒకటి నీటిలో ముంచి చూస్తే తేలిపోయే సంగతి ఇది. రోలర్ల మీద ఇంకు చేసే చిరచిర చప్పుడు వినగానే నీరు ఎక్కువైందో తక్కువైందో చెప్పగల పెద్దలు ఈ వృత్తిలో ఉన్నారు, వారి విద్యను నేను రవ్వంత కూడా తక్కువ చేయడం లేదు. ఆ చెవికి తెలిసినదాన్ని పక్కనున్న కుర్రవాడికి విడమరిచి చెప్పే ఏర్పాటు లేకుండానే వారు ఒక్కొక్కరే పని మానుకుంటున్నారన్నదే నా బాధ.

చట్టం లేక కాదు. 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద ఆఫ్‌సెట్ మెషీన్ మైండర్ గుర్తింపు పొందిన ట్రేడే. 2016లో వచ్చిన జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకం స్టైపెండులో 25 శాతాన్ని, నెలకు 1,500 రూపాయలకు మించకుండా, కేంద్రం భరించేటట్టు చేసింది. అయితే 2019 సవరణ ప్రకారం 30 మంది, అంతకు మించి పనివాళ్లున్న సంస్థలే అప్రెంటిస్‌లను తప్పనిసరిగా తీసుకోవాలి. నలుగురి నుంచి 29 మంది దాకా ఉన్నచోట అది యజమాని ఇష్టం. హైదరాబాదులో శుభలేఖలకు పేరుపడ్డ ఛత్తా బజారులో ఒకసారి నడిచి చూస్తే, తండ్రీ కొడుకులూ మరో ఇద్దరు ముగ్గురూ కలిసి నడిపే ప్రెస్సులు ఎన్ని కనిపిస్తాయో లెక్కపెట్టుకోవచ్చు. అప్రెంటిస్‌లను తీసుకోవాలని ఈ చట్టం వాటిని ఏ రకంగానూ కట్టడి చేయదు. సికింద్రాబాదులోని ప్రభుత్వ ప్రింటింగ్ టెక్నాలజీ సంస్థ ఇచ్చే డిప్లొమా మంచిదే, కానీ ఎనిమిదో తరగతిలో చదువు ఆపేసి హెల్పరుగా చేరిన కుర్రవాడికి ఆ గడప అందదు.

పేరున్న ఆఫ్‌సెట్ యంత్రాల్లో చాలావాటికి పుట్టిల్లు జర్మనీ. అక్కడ ఈ పని నేర్చుకోవడానికి మూడేళ్లు పడుతుంది, ఆ మూడేళ్లూ ప్రెస్సులో పనీ, వృత్తి పాఠశాలలో చదువూ జోడుగా సాగుతాయి, చివర పరీక్ష ఉంటుంది. 2011లో ఆ వృత్తి పేరును ముద్రణ మాధ్యమ సాంకేతికుడు అన్న అర్థం వచ్చేలా మార్చుకున్నారు కూడా. మనం కోట్లు పోసి అదే యంత్రాన్ని తెచ్చుకొని, దాన్ని చూసి నేర్చుకోమంటూ హెల్పరుకు అప్పగిస్తున్నాం.

అచ్చు పనికి కాలం చెల్లింది, ఇప్పుడు శిక్షణ దేనికని అడిగేవారున్నారు. పత్రికల ప్రతులు తగ్గిన మాట నిజమే, పెళ్లిపిలుపులు వాట్సాప్‌లోకి వెళ్లిన మాటా నిజమే. అయితే హైదరాబాదులో తయారయ్యే మాత్రల స్ట్రిప్పులకు అట్టపెట్టెలు కావాలి, వాటిలో మడతపెట్టి ఉంచే వివరాల కాగితాలూ కావాలి. మోతాదు అంకెలో ఒక చుక్క ఎగిరిపోతే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

నన్ను అన్నిటికన్నా కలవరపెట్టేది మరొకటి. జపాన్‌లోని ఒసాకాలో ఒకే ప్రెస్సులో పనిచేసిన పదిమందికి పైగా కార్మికులకు, అందులోనూ చిన్న వయసువారికి, అరుదైన పిత్తవాహిక క్యాన్సర్ వచ్చిందని 2012లో బయటపడింది. గాలి సరిగా ఆడని గదిలో, బ్లాంకెట్ మీది ఇంకును తుడవడానికి రోజంతా వాడిన ద్రావకాల దగ్గరకే వేళ్లు చూపాయి. వాటిలో ఒకటైన 1,2-డైక్లోరోప్రొపేన్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2014లో మనుషులకు క్యాన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో చేర్చింది. మన ప్రెస్సుల్లో బ్లాంకెట్ కడిగే డబ్బా మీద ఏం రాసి ఉందో చదివి హెల్పరుకు చెప్పేవారు ఎవరు? మెషీన్ తిరుగుతుండగా గుడ్డతో రోలరు తుడవకూడదనీ, ఇంచింగ్ బటన్ నొక్కుతూ కొంచెం కొంచెంగా తిప్పుతూ తుడవాలనీ మొదటి రోజే చెప్పేవారు ఎవరు? వేలు నలిగాక తెలిసే పాఠం ఏ కుర్రవాడికీ అవసరం లేదు.

ఈ నిర్లక్ష్యానికి వేరు ప్రెస్సు యజమాని పిసినారితనంలో కన్నా మన ఇళ్లలోనే లోతుగా ఉంది. పెళ్లిచూపుల్లో అబ్బాయి ఏ కాలేజీలో చదివాడని అడుగుతాం, పనిమంతుడేనా అని అడగడం మరిచిపోయాం. ఇంజినీరింగ్ సీటు రాని పిల్లవాడు చెడిపోయినట్టే లెక్కగట్టే సమాజంలో, నాలుగు రంగులను వెంట్రుకవాసి తేడా లేకుండా ఒకదానిమీద ఒకటి కూర్చోబెట్టగల మనిషి తన పనిని ఇంటి పేరులా చెప్పుకోలేకపోతున్నాడు. చేతిపనికి పరీక్ష, పట్టా, జీతపు మెట్టు ఏర్పడితే తప్ప ఈ చూపు మారదు.

ఆ మార్పును మొదలుపెట్టగల శక్తి ప్రభుత్వాల చేతిలోనే ఉంది, ఎందుకంటే రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ప్రెస్సులకు అతి పెద్ద ఖాతాదారుల్లో ప్రభుత్వం ఒకటి. ఏటా పాఠ్యపుస్తకాల ముద్రణను టెండర్లు పిలిచి ప్రైవేటు ప్రెస్సులకు అప్పగిస్తున్నారు. కాగితం ఎన్ని జీఎస్ఎం (చదరపు మీటరుకు ఎన్ని గ్రాముల బరువు), అట్ట ఎంత మందం అని నిర్దేశించే ఆ టెండరు పత్రంలోనే, ప్రతి మెషీనుకూ ఒక అప్రెంటిస్‌ను నమోదు చేయాలనీ, వారంలో ఒక రోజు అతణ్ణి దగ్గరలోని ఐటీఐకి జీతంతో పంపాలనీ ఒక నిబంధన చేర్చాలి. పదేళ్లుగా మెషీన్ మీద ఉండి కాగితం ముక్క కూడా లేనివారికి, 2015లో మొదలైన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన కింద, పూర్వ అనుభవాన్ని పరీక్షించి ధ్రువపత్రం ఇచ్చే వీలుంది. అలా ధ్రువపత్రం పొందినవారు కనీసం ఒక్కరైనా ఉన్న ప్రెస్సుకే ఆర్డరు దక్కేలా చూడాలి. ఆ ధ్రువపత్రం పరీక్ష ప్రెస్సులోనే, అతడు రోజూ నడిపే మెషీన్ మీదే, తెలుగులోనే జరగాలి. వచ్చే విద్యాసంవత్సరపు టెండరు ఇంకా వెలువడక ముందే ఈ రెండు వాక్యాలనూ అందులో రాయించగల అధికారులు అమరావతిలోనూ హైదరాబాదులోనూ ఉన్నారు.