చెడు కబురు వేళకు చెప్పేవాళ్లు కావాలి

ఈ మధ్య మా విభాగంలో ఒక ఖాళీ ఏర్పడితే ప్రకటన రాసే పని నా మీద పడింది. పాత ప్రకటన ఒకటి పంపించి, దాన్నే కాస్త అటూ ఇటూ మార్చమన్నారు. చదివాను. అభ్యర్థికి చొరవ ఉండాలట, ఆదేశాలను తు.చ. తప్పకుండా పాటించాలట. నలుగురితో కలిసి పనిచేయాలట, ఎవరి సాయమూ లేకుండా ఒంటిచేత్తో నెట్టుకురావాలట. ఎంత ఒత్తిడి ఉన్నా మొహం మీద నవ్వు చెరగకూడదట. ఇన్ని సుగుణాలు ఒక్కచోట పోగైన మనిషి ఎదురైతే ఇంటర్వ్యూ చేయాలో, చేతులెత్తి దండం పెట్టాలో తెలియదు.

పదిహేనేళ్లుగా ఇంటర్వ్యూ బల్లకు ఇవతలి వైపు కూర్చుంటున్నాను. అంతకుముందు అవతలి వైపు కూర్చుని చెమటలు కక్కినవాణ్నే. ఈ రెండు వైపులా చూశాక నాకు కలిగిన అభిప్రాయం ఒకటి ఉంది, దాని కోసం ఎవరితోనైనా వాదనకు దిగుతాను. పనిచేసే మనిషిలో అన్నిటికన్నా విలువైన గుణం, చెడు కబురును వేళకు చెప్పడం. "శుక్రవారానికి ఇస్తానన్న పని కుదిరేలా లేదండీ" అని మంగళవారమే వచ్చి చెప్పగలగడం.

ఇంతేనా అంటారు. ఇది ఎంత అరుదో, పది మందితో పని చేయించినవాళ్లను అడగండి.

మా దగ్గర ఒకప్పుడు ఇద్దరు ఉండేవారు. ఒకాయన మహా చురుకు. ఎంత జటిలమైన పని ఇచ్చినా అరగంటలో దాని ఆనుపానులు పట్టేసేవారు. ఎప్పుడు అడిగినా "అయిపోవచ్చిందండీ" అనేవారు. ఆ పని గడువు రోజు సాయంత్రం దాకా అలా అయిపోవస్తూనే ఉండేది. ఆయన తెలివి మీద నాకెప్పుడూ అనుమానం రాలేదు, మాట మీద వచ్చింది. దాంతో ఆయన పనికి ఇంకొకరిని కాపలా పెట్టాల్సి వచ్చేది. రెండో ఆవిడ నెమ్మది. నాలుగుసార్లు అడిగి తెలుసుకుంటే తప్ప పని మొదలుపెట్టేవారు కాదు. అయితే ఎక్కడైనా చిక్కు పడితే ఆ పూటే వచ్చి, "ఇక్కడ ఆగిపోయాను, ఇంతవరకు ప్రయత్నించాను, ఫలానా వివరాలు వస్తే తప్ప ముందుకు కదలదు" అని చెప్పేవారు. ఆవిడ ఏమీ చెప్పలేదంటే పని సవ్యంగా నడుస్తోందని లెక్క. ఇద్దరిలో జీతం ఎవరికి ఎక్కువో మీరు ఊహించే ఉంటారు. ఆయనకే. అప్పుడు ఆ నిర్ణయం మీద సంతకం పెట్టినవాళ్లలో నేనూ ఉన్నాను.

మనుషుల్లో ఏ గుణం పనికొస్తుందన్న విషయంలో అయోమయం ఈనాటిది కాదు. సాఫ్ట్ స్కిల్స్ అని ఇప్పుడు అందరూ అలవోకగా వాడేస్తున్న మాట అమెరికా సైన్యం నుంచి వచ్చిందంటే చాలామంది నమ్మరు. యంత్రాలతో పెద్దగా సంబంధం లేని, మనుషులతోనూ కాగితాలతోనూ చేసే పనులకు శిక్షణ ఎలా ఇవ్వాలన్నది వాళ్ల తలనొప్పి. 1972లో దాని మీద ఒక సదస్సే పెట్టారు. మనకు బాగా తెలిసిన పనులను హార్డ్ అనీ, అంతగా అర్థం కాని పనులను సాఫ్ట్ అనీ పిలుస్తున్నట్టుందని అక్కడే ఒక పరిశీలన వచ్చింది. యాభై ఏళ్లు దాటినా ఆ అర్థం కానివాటిని అలాగే మూటగట్టి ప్రకటనల్లో కుమ్మరిస్తున్నాం.

అర్థం చేసుకునే ప్రయత్నాలు జరగలేదని కాదు. 1991లో బారిక్, మౌంట్ అనే ఇద్దరు పరిశోధకులు 117 అధ్యయనాలను కలిపి చూశారు. పోలీసులు, మేనేజర్లు, అమ్మకాల ఉద్యోగులు, వృత్తి నిపుణులు, చేతిపనివారు, ఇలా ఏ వర్గాన్ని తీసుకున్నా పనితీరుతో ముడిపడి కనిపించిన లక్షణం ఒక్కటే. పద్ధతిగా, బాధ్యతగా, పట్టు వదలకుండా పనిచేసే స్వభావం. నలుగురిలో చొచ్చుకుపోయే గుణం మేనేజర్లకూ అమ్మకాలవారికీ కొంత ఉపయోగపడింది. మరి ఇంటర్వ్యూ గదిలో మనం దేనికి పడిపోతున్నాం? గలగలా మాట్లాడేవాళ్లకు. రోజంతా ఒక్కడే కూర్చుని లెక్కలు చూసుకోవాల్సిన ఉద్యోగానికి కూడా మాటకారినే ఎంచుకుని, ఆరు నెలల తర్వాత తల పట్టుకుంటాం.

నేను పుట్టుకతోనే ఇంత బుద్ధిమంతుణ్నని అనుకోకండి. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు ఒక నివేదికలో లెక్క తప్పు వేశాను. తప్పు నా కంటబడింది సోమవారం. ఎవరికీ తెలియకుండా నేనే సరిచేద్దామని నాలుగు రాత్రులు మేలుకున్నాను. ఈలోగా ఆ అంకెలనే నమ్మి మరో విభాగంవాళ్లు తమ నివేదిక తయారుచేసి పైకి పంపేశారు. శుక్రవారం చెప్పక తప్పలేదు. మా పై అధికారి అరవలేదు. "మీకు ఎప్పుడు తెలిసింది?" అని మాత్రం అడిగారు. సోమవారం అని చెప్పడానికి నాకు నోరు పెగల్లేదు. ఆ రోజే చెప్పి ఉంటే రెండు గంటల పని. దాన్ని చక్కదిద్దడానికి తర్వాత రెండు విభాగాలకు రెండు వారాలు పట్టింది. తప్పు చేసినందుకు నన్ను ఎవరూ ఏమీ అనలేదు గానీ, ఆ తర్వాత చాలాకాలం నా లెక్కలను ఇంకొకరు సరిచూశాకే పైకి పంపేవారు. అది తిట్టుకన్నా ఎక్కువగా గుచ్చుకుంది.

ఇదంతా ఉద్యోగుల వైపు నుంచి. నా అసలు కోపం యజమానుల మీద. నిజాయితీ కావాలని ప్రకటన వేస్తారు. నిజం చెప్పడానికి వచ్చినవాణ్ని నిలబెట్టి కడిగేస్తారు. "సమస్యలు తేకండి, పరిష్కారాలు తెండి" అని ఒక మాట ప్రచారంలో ఉంది. వింటే ఒళ్లు మండుతుంది. పరిష్కారం తన చేతిలో ఉంటే ఆ మనిషి మీ గది దాకా ఎందుకు వస్తాడు? రెండుసార్లు అలా చీవాట్లు తిన్నవాడు మూడోసారి "అయిపోవచ్చిందండీ" అనడం నేర్చుకుంటాడు.

ఎమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు 1990ల్లో ఆసుపత్రులలో మందుల విషయంలో జరిగే పొరపాట్లను పరిశీలించారు. బాగా నడిచే బృందాల్లో తప్పులు తక్కువగా ఉంటాయని అనుకుంటాం కదా, లెక్క తిరగబడింది. మంచి బృందాల్లోనే ఎక్కువ పొరపాట్లు బయటపడ్డాయి. తరచి చూస్తే, తప్పు జరిగిందని చెప్పుకోవడానికి అక్కడివాళ్లకు భయం లేదు. మిగతాచోట్ల తప్పులు లోపలే ఉండిపోతున్నాయి. మా దగ్గర ఫిర్యాదులే రావండీ అని గొప్పగా చెప్పుకునే అధికారులు కనిపించినప్పుడల్లా నాకు ఈ సంగతి గుర్తొస్తుంది.

ప్రతి గంటకూ పరుగెత్తుకొచ్చి గోల పెట్టేవాళ్ల గురించి నేను మాట్లాడటం లేదు. వాళ్లది వేరే జబ్బు.

ఇంటర్వ్యూలో ఈ గుణాన్ని పట్టుకోవడం ఎలా అంటే, "మీ బలహీనత ఏమిటి?" అని అడిగితే మాత్రం దొరకదు. "అతిగా కష్టపడతానండీ" అనే జవాబు విని విని నా చెవులు దిబ్బళ్లు పడ్డాయి. నేను అడిగే ప్రశ్న వేరు. ఒక పని గడువుకు అందదని మీకు తెలిసిన రోజు ఏం చేశారు, ఎవరికి చెప్పారు, ఎన్ని రోజుల ముందు చెప్పారు? నిజంగా చెప్పినవాళ్ల జవాబులో తేదీలుంటాయి, అవతలివాళ్లు అన్న మాటలుంటాయి, కాస్త సిగ్గు కూడా ఉంటుంది. వచ్చిన ప్రతి ఒక్కరినీ ఇదే అడుగుతాను, ముందే రాసుకున్న కొలత ప్రకారం మార్కులు వేస్తాను. అందరికీ ఒకే ప్రశ్నలు, ఒకే కొలత ఉన్న ఇంటర్వ్యూ పనితీరును బాగా అంచనా వేస్తుందని 1998లో ష్మిట్, హంటర్ అనే పరిశోధకులు 85 ఏళ్ల పరిశోధనలను కలిపి చూసి చెప్పారు. 2022లో మరికొందరు ఆ లెక్కలను సరిచూసి చాలా అంకెలను తగ్గించారు గానీ, ఈ రకం ఇంటర్వ్యూ పైవరుసలోనే నిలిచింది. ప్రకటనల్లో మనం మొదటి వాక్యంగా రాసే "ఇన్నేళ్ల అనుభవం" అనేది రెండు లెక్కల్లోనూ బాగా కింద ఉంది.

ప్రకటన సంగతికొస్తే, పాతదాన్ని పక్కన పెట్టి నాలుగు వాక్యాలు రాసి పంపాను. మూడో వాక్యం: "పని అనుకున్నట్టు సాగకపోతే ఆ మాట ముందుగా మాకు చెప్పగలిగేవారు కావాలి." సాయంత్రానికి జవాబు వచ్చింది. అంతా బాగుందట, ఆ మూడో వాక్యం మాత్రం తీసేయమన్నారు. అది చదివితే మన దగ్గర పనులు అనుకున్నట్టు సాగవేమోనని బయటివాళ్లు అనుకుంటారట.