రంగుల బొమ్మకి ఏడున్నర వేలు

మడమ నొప్పి ఉన్నవాళ్లకి తెలుసు, పొద్దున్నే మంచం దిగి మొదటి అడుగు వేస్తే మేకు దిగినట్టే ఉంటుంది. ప్లాంటార్ ఫేషియైటిస్, అంటే అరికాలి కింద మడమకి అతుక్కుని ఉండే పట్టీ దెబ్బతినడం, అన్నారు డాక్టరు గారు. కేబీఆర్ పార్కులో నడక మూడు నెలలు బంద్. ఆ చిరాకులోనే జూబ్లీహిల్స్‌లో ఒకచోట 'ఫుట్ స్కాన్' బోర్డు చూసి లోపలికి దూరాను.

చాపలాంటి దాని మీద నిలబడమన్నారు. పది సెకన్లు కూడా కాలేదు, టీవీలో నా పాదాలు ప్రత్యక్షం. మడమ ఎర్రగా, వంపు దగ్గర నీలంగా. కుర్రాడు ఆ ఎరుపు చూపించి "మీ ప్రాబ్లం ఇదే సార్" అన్నాడు. నిలబడితే బరువు మడమ మీద పడదా బాబూ, ఎవరు ఎక్కినా అక్కడ ఎరుపే! ఈ తెలివి ఆ రోజు లేదు, నా పాదం కొలతకే చేస్తామన్న ఇన్‌సోల్స్‌కి, అదే బూటు లోపల వేసుకునే మెత్తలకి, ఏడున్నర వేలు కట్టేశాను. రెండు నెలలకి ఇన్‌సోల్ పైగుడ్డ ఊడితే కింద ఫోమ్ మీద 9 అని అచ్చు. నా బూట్ల సైజు. నా పాదానికే చేసినదానికి సైజు నంబరెందుకు?

అసలు ఆ ప్రెషర్ మ్యాట్ చెప్పేది ఎక్కడ ఎంత ఒత్తిడి పడుతోందో, అంతే. వంపు ఎంత ఎత్తుందో దానికేం తెలుసు? ఆకారం కావాలంటే త్రీడీ స్కాన్ తియ్యాలి. అదీ నిలబెట్టి తీస్తే బరువుకి అణిగిన వంపే వస్తుంది. అందుకే పాతకాలం నుంచీ పడుకోబెట్టి, పాదాన్ని చేత్తో సరిగ్గా పట్టుకుని ప్లాస్టర్ అచ్చు తీసేవాళ్లు. స్కానర్‌తోనూ అలాగే చెయ్యొచ్చు, పైగా ప్లాస్టర్ గలీజు ఉండదు, ఫైలుంటే ఇంకో జత అదే కొలతకి వస్తుంది. పట్టుకునే చెయ్యి తెలిసినదై ఉండాలి, నా గొడవంతా అదే.

ఆస్ట్రేలియాలో ఇదే నొప్పి ఉన్న 135 మంది మీద చేసిన అధ్యయనం 2006లో అచ్చయింది, అందులో ఏడాది తర్వాత కొలత తీసి చేసిన ఇన్‌సోల్స్‌కీ రెడీమేడ్‌వాటికీ తేడా కనబడలేదు. షుగరుండి పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్ల సంగతి మాత్రం వేరు, ఇలాంటి కొట్లకి అసలు పోకండి.

చివరికి తెలిసినవాళ్లు చెబితే ఒక ఆర్థోటిస్ట్ (ఇలాంటి ఇన్‌సోల్స్, ఊతపట్టీలు అమర్చే నిపుణుడు) దగ్గరికి వెళ్లాను. ఆయన ముందు నా పాత బూట్లు తిరగేసి అరుగుదల చూశారు, వరండాలో నాలుగుసార్లు నడిపించారు, బొటనవేలు పైకి వంచి మడమ నొక్కితే ప్రాణం పోయింది. "పిక్కకి స్ట్రెచింగ్ చెయ్యండి, వెయ్యి రూపాయల రెడీమేడ్ జత ఆరు వారాలు వాడండి, తగ్గకపోతే అప్పుడు స్కాన్ చేద్దాం" అన్నారు. స్కానర్ మూలన గుడ్డ కప్పుకుని ఉంది.