ఆర్‌ఎస్‌పి నుంచి ఆ 8 ఎందుకు తీసివేస్తారు?

స్టాక్ అంటే కంచాల దొంతర అని, చివర పెట్టినదాన్నే ముందు తీస్తామని కళాశాలలో నేర్చుకున్నాం. పాత ఇంటెల్ ప్రాసెసర్ 8086 కిట్ మీద పుష్ (పెట్టడం), పాప్ (తీయడం) చేసి, రికార్డు రాసి, మార్కులు తెచ్చుకున్నాం. ఆ పాఠం తప్పని నేను అనను. అయితే అంతటితో ఆగిపోయినవారు నేటి కంపైలర్ ఇచ్చే అసెంబ్లీని (ప్రాసెసర్ ఆదేశాల వరుసను) చదవలేరు, దాన్ని ఒక లోటుగా ఎవరూ గుర్తించడం లేదన్నదే నా బాధ.

64 బిట్ల లీనక్స్‌లో నేను అసెంబ్లీలో రాసిన ఒక చిన్న ఫంక్షన్ నుంచి, తెరపై అచ్చువేసే ప్రింట్‌ఎఫ్‌ను పిలిచాను. పూర్ణాంకాలు సరిగానే వచ్చాయి కానీ, దశాంశ సంఖ్య ఇవ్వగానే ప్రోగ్రాం సెగ్మెంటేషన్ ఫాల్ట్‌తో ఆగిపోయింది. రెండు రోజులు నా లెక్కల్లోనే తప్పు వెతికాను. చివరికి అదే పనిని సీ భాషలో రాసి, జీసీసీ కంపైలర్‌కు ఓ2 అనే ఆప్టిమైజేషన్ (కోడ్‌ను వేగవంతం చేసే) స్థాయిలో ఇచ్చి, వచ్చిన అసెంబ్లీని నా కోడ్ పక్కన పెట్టి చూస్తే, కాల్‌కు ముందు నేను రాయని ఒక వరుస కనబడింది: స్టాక్ కొన ఎక్కడుందో చూపే రిజిస్టర్, అంటే స్టాక్ పాయింటర్ ఆర్‌ఎస్‌పి నుంచి 8 తీసివేత. స్టాక్ కింది చిరునామాల వైపు పెరుగుతుంది కనుక, తీసివేత అంటే చోటు కేటాయించడమే. ఆ 8 బైట్లలో కంపైలర్ ఏమీ దాచలేదు.

లీనక్స్ పాటించే సిస్టమ్ ఫైవ్ ఏబీఐ (ఫంక్షన్లు ఒకదాన్నొకటి పిలిచేటప్పుడు పాటించాల్సిన ఒప్పందం) ప్రకారం, కాల్ చేసే క్షణానికి ఆర్‌ఎస్‌పి విలువ 16తో నిశ్శేషంగా భాగించబడాలి. కాల్ ఆదేశం 8 బైట్ల తిరుగు చిరునామాను స్టాక్ మీద పెడుతుంది కనుక, ఏ ఫంక్షన్‌లోనైనా అడుగుపెట్టేసరికి లెక్క 8 తప్పి ఉంటుంది; మరో 8 తీసివేస్తే మళ్లీ కుదురుతుంది. దశాంశ సంఖ్య వచ్చినప్పుడు ప్రింట్‌ఎఫ్ తన మొదటి వరుసల్లోనే దశాంశ సంఖ్యలను మోసే ఎక్స్‌ఎంఎం రిజిస్టర్లను స్టాక్‌లో భద్రపరుస్తుంది. అందుకు వాడే మూవ్‌ఏపీఎస్ ఆదేశం 16 గుణిజం కాని చిరునామాను సహించదు. పూర్ణాంకాలు మాత్రమే ఉన్నప్పుడు ఆ వరుసలను దాటవేస్తుంది కాబట్టే నా తప్పు అంతవరకు బయటపడలేదు.

ఆప్టిమైజేషన్ లేకుండా కంపైల్ చేసినప్పుడు, మరో ఫంక్షన్‌ను పిలిచే ఫంక్షన్‌లో 4 బైట్ల ఇంట్ ఒక్కటే ఉన్నా ఆర్‌ఎస్‌పి నుంచి 16 తీసివేయడం కనిపిస్తుంది. దీన్ని కంపైలర్ దుబారా అని కొట్టిపారేయడం నేను చాలాసార్లు విన్నాను. తిరుగు చిరునామాకు 8, పుష్ చేసిన ఆర్‌బిపికి (ఫ్రేమ్ పాయింటర్‌గా, అంటే స్టాక్‌లో ఆ ఫంక్షన్ భాగానికి గుర్తుగా వాడే రిజిస్టర్‌కు) 8 కలిసి అప్పటికే 16 అయ్యాయి కనుక, ఆపై తీసివేసేది కూడా 16 గుణిజమే కావాలి.

ఇంకే ఫంక్షన్‌నూ పిలవని ఫంక్షన్‌లో మాత్రం కంపైలర్ ఆర్‌ఎస్‌పిని కదపకుండానే దాని దిగువన చరరాశులను రాసేస్తుంది. కంచాల దొంతర ఒక్కటే తెలిసినవారికి ఇది కంపైలర్ తప్పుగానే తోస్తుంది. నిజానికి ఆర్‌ఎస్‌పి దిగువన 128 బైట్లను మధ్యలో వచ్చి నడిచే సిగ్నల్ హ్యాండ్లర్లు సైతం ముట్టుకోకూడదని అదే ఏబీఐ హామీ ఇస్తుంది. దాన్నే రెడ్ జోన్ అంటారు. కెర్నల్ (నిర్వహణ వ్యవస్థ కేంద్ర భాగం) నడుస్తుండగా వచ్చే ఇంటరప్టు అదే స్టాక్ మీద రాయగలదు కాబట్టి, లీనక్స్ కెర్నల్‌ను రెడ్ జోన్ లేకుండా కంపైల్ చేస్తారు. విండోస్‌లో రెడ్ జోన్ లేదు. పైగా పిలిచేవారే 32 బైట్లు ఖాళీగా వదిలిపెట్టాలి.

ఇవన్నీ కంపైలరే చూసుకుంటుంది కదా, మనకెందుకని అడిగేవారున్నారు. ఓ2లో ఆర్‌బిపి సాధారణంగా ఫ్రేమ్ పాయింటర్‌గా ఉండదు, మామూలు రిజిస్టర్‌గా మారిపోతుంది. ఆర్‌బిపిని పట్టుకుని ఏ ఫంక్షన్ దేన్ని పిలిచిందో వెతికే ప్రొఫైలర్ (ప్రోగ్రాం సమయం ఎక్కడ ఖర్చవుతోందో కొలిచే సాధనం) దారి తప్పుతుంది. 2023లో వచ్చిన ఫెడోరా 38, 2024లో వచ్చిన ఉబుంటు 24.04 అనే లీనక్స్ వ్యవస్థలు తమ ప్యాకేజీలను ఫ్రేమ్ పాయింటర్లతో కంపైల్ చేయాలని నిర్ణయించుకున్నది ఈ ఇబ్బంది వల్లనే. కొంత వేగం తగ్గినా సరేనని అంత పెద్ద వ్యవస్థలు ఒప్పుకున్న విషయం మన పాఠాల్లో ఒక్క గంటకైనా నోచుకోకపోవడం నాకు అన్యాయంగా తోస్తుంది.

ప్రయోగశాలల్లో పాఠం చెప్పే మిత్రులకు నా విన్నపం ఒక్కటే. పది వరుసల సీ ఫంక్షన్‌ను ఒకసారి ఆప్టిమైజేషన్ లేకుండా, మరోసారి ఓ2తో కంపైల్ చేయించి, ఆర్‌ఎస్‌పి మారిన ప్రతి చోటా కారణాన్ని విద్యార్థి చేత రికార్డులో రాయించండి.